చిన్నమ్మ పిడికిలి

చిన్నమ్మ పోయిన పదకొండో నాడు ఆమె మేకప్ పెట్టె నా చేతికి వచ్చింది. మూత తీయగానే గులాబిరంగు పౌడరూ కొబ్బరినూనే కలిసిన వాసన గుప్పుమంది. నేను తిన్నగా మా బొగ్గుగనుల క్వార్టర్లలోకి, తొమ్మిదేళ్ల వయసులోకి వెళ్లిపడ్డాను.

తంగేడు పూసే రోజులు, సైరన్ కూయగానే నల్లటి ముఖాలతో ఇళ్లకు మళ్లే బాపులు, గిన్నెకు అంటుకుని మాడిన సర్వపిండి కోసం మా కొట్లాటలు, అరుగు మీద చెరిగిపోని అష్టాచెమ్మ గీతలు, వీటన్నిటి నడుమ లక్సెట్టిపేట నుంచి చిన్నమ్మ దిగిందంటే మాకు మరో పండగ. మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు. జమ్మికుంట దాకా పోయి నాటకాలాడేది, ఇరవై రెండేళ్లకే ముసలమ్మ వేషాలు వేసేది. వాటికోసం ఎవరిదైనా సరే ఎత్తుకుపోయేది: పక్కింటి నర్సవ్వ నడక, పాలామె దగ్గు, చివరికి మా బాపు గురక కూడా. చేసి చూపిస్తే కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆ వానాకాలమే మా తమ్ముడు జ్వరంతో రెండు రోజుల్లో పోయాడు. వాడికి రెండేళ్లు నిండలేదు. బతుకమ్మ పండగకని అవ్వ కుడుతున్న అంగి ఇంకా మిషన్ మీదే ఉంది.

"గుండీలన్న కుట్టనియ్యకపోతివి కొడుకా, ఇగ గీ గుండీలు ఎవలికి కుట్టాలెరా" అని అవ్వ శోకం పెడుతుంటే క్వార్టర్ల వరుసంతా ఏడ్చింది. చిన్నమ్మ మాత్రం గోడకు ఆనుకుని, అవ్వ నోటికేసి చూస్తూ కూర్చుంది. పాపం, తట్టుకోలేక అలా అయిపోయిందనుకున్నాం.

ఏడాది తిరిగాక చిన్నమ్మ మొదటి రేడియో నాటకం. సాయంత్రం మా వాకిట్లో చాపలు పరిచి, రేడియో పెట్టుకుని అందరం కూర్చున్నాం. అవ్వ గర్వంగా ఉడికించిన శనగల గుడాలు పంచుతోంది. నాటకంలో ఒక తల్లికి కొడుకు పోయాడు. రేడియోలోంచి చిన్నమ్మ గొంతు లేచింది: "గుండీలన్న కుట్టనియ్యకపోతివి కొడుకా..."

అదే మాట, అదే రాగం, అవ్వ ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి. అవ్వ గుడాల గిన్నె మెల్లగా కింద పెట్టి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. రేడియో ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

మరుసటి వారం చిన్నమ్మ బాలుషాయీల మిఠాయి పొట్లంతో వస్తే అవ్వ గడప దాటనివ్వలేదు.

"నా కొడుకు సావును నాటకంల వెట్టినవానే?"

చిన్నమ్మ తల దించుకోలేదు. "అంతకన్న నిజమైన మాట నాకేడ దొరకలే అక్కా."

కాళ్ల మీద పడుతుందనుకున్నాను.

అక్కడితో అక్కాచెల్లెళ్ల మాటలు బంద్. చిన్నమ్మ రేడియో నుంచి టీవీకి పోయింది. సీరియళ్లలో ఏడ్చే ముసలి తల్లి అంటే ఆమే. ఎడమ పిడికిలి బిగించి ఏడవడం ఆమె స్టైలన్నారు. ఆమె తెర మీద కనబడితే అవ్వ లేచి వంటింట్లోకి పోయేది. మొన్న శవం దగ్గర కూడా అందరూ అక్క శోకం కోసం ఎదురుచూశారు గానీ, అవ్వ నోరు విప్పలేదు.

పెట్టె అడుగున గుడ్డమూటలో నాలుగు చిన్న తెల్ల గుండీలున్నాయి. ఆ పిడికిలిలో ఏముండేదో అప్పుడు తెలిసింది. తమ్ముడి గుండీలు కూడా ఎత్తుకుపోయిందా మనిషి! తెచ్చి అవ్వ అరచేతిలో పోశాను.

అవ్వ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. "గివి వానియి గావు బిడ్డా. వానియి నా తాననే ఉన్నయి."

నడుముకు దోపుకున్న వక్కల సంచిలోంచి నాలుగు గుండీలు తీసి పక్కన పెట్టింది. అవి నీలం రంగువి. ఇన్నేళ్లుగా ఆ సంచిలో ఉన్నాయని నాకే తెలియదు.

అవ్వ రెంటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత గొంతెత్తింది.

"ఏ రంగువో నన్నడగకపోతివి చెల్లే, అడిగితె చెప్పకపోదునా చెల్లే..."

క్వార్టర్లలోనైతే ఈపాటికి వాకిలి నిండిపోయేది. కరీంనగర్‌లోని ఈ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ పిల్ల ఒక్కతే వచ్చి బెల్ కొట్టింది.

"ఆంటీ, రేపు పరీక్షున్నది. జర టీవీ సౌండ్ తగ్గిస్తరా?"