నూనె డబ్బాలో పసుపు పువ్వు

జూన్ నెలాఖరులో మమ్మల్ని రాజస్థాన్ సరిహద్దు పోస్టులో దించిన ట్రక్కు ఇంజను ఆపకుండానే వెనక్కి తిరిగింది. ముళ్ళకంచెకు అవతల ఇసుక. ఇవతలా ఇసుకే. నీడంటే బంకరు లోపల మాత్రమే. మధ్యాహ్నం రైఫిల్ ఇనుము ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. తాగే నీళ్ళు రెండు రోజులకోసారి ట్యాంకరులో వచ్చేవి, మనిషికి ఇంతని కొలిచి పోసేవారు. చెన్నైలో అందరూ నన్ను తుపాకీ పేల్చావా అనే అడుగుతారు. దాహం సంగతి ఒక్కరూ అడగరు.

పోస్టు కమాండరుది గఢ్వాల్ కొండలు. వంటవాడు మలయాళీ. వైర్‌లెస్ ఆపరేటరు మాత్రం మావాడు, మద్రాసు తెలుగువాడు. ఇరుకు సందుల్లో పెరిగి పద్దెనిమిదేళ్ళకే పటాలంలో చేరాడు. పెళ్ళయ్యాక భార్యనూ కూతురునూ మాధవరంలో అద్దింట్లో ఉంచి, సెలవులకు పోయి వచ్చేవాడు. నాది పురసవాక్కం. తాత కాలం నుంచీ మాకు నాటుమందుల టోకు అంగడి.

జూలైలో ఒక్క వాన పడింది. తర్వాతి గస్తీలో జీపు దారి మధ్య ఆపరేటరు ఆగిపోయాడు. నేలను కరుచుకున్న తీగ, దానికి ఐదు రేకుల పసుపు పువ్వు.

"అన్నా, దీని పేరేంది?"

"నన్నడిగితే ఎట్ట తంబీ. మా అంగట్లో అన్నీ ఎండినవే."

సిగరెట్టు పెట్టె వెనక బొమ్మ గీసి పోస్టంతా అడిగాడు. పేరు తెలిస్తే ఒళ్ళు చల్లబడుతుందా అన్నాడు కమాండరు. కూరకు పనికొస్తే చెప్పమన్నాడు వంటవాడు. జీపు కింద నలిగిపోతుందని ఆపరేటరు దాన్ని ఇసుకగడ్డతో సహా తవ్వి, కోసిన నూనె డబ్బాలో నాటి, బంకరు గుమ్మం దగ్గర పెట్టాడు. ఆ వారం ఫోనులో కూతురుకు మాటిచ్చాడు. "నీకు ఎడారి పువ్వు తెస్తా కన్నా. మన ఊళ్ళో ఏడా ఉండదు."

రోజూ సాయంత్రం తన సీసాలోంచి రెండు మూతల నీళ్ళు దానికి పోసేవాడు.

"నీ వాటా నువ్వు తాగు తంబీ. ఎడారి మొక్కకు నీళ్ళెందుకు?"

"నాకు ట్యాంకరు వస్తాది అన్నా. దీనికెవరొస్తారు?"

ఆగస్టులో ట్యాంకరు చెడిపోయింది. గస్తీ మాత్రం ఆగలేదు. తిరుగు దారిలో ఆపరేటరు పడిపోయాడు. వాడి వైర్‌లెస్ సెట్టు నేనందుకున్నాను.

"ఒకరు పడిపోయారు. ఎండదెబ్బ. బండి పంపండి. ఓవర్."

"బండి బయల్దేరింది. నీళ్ళు తాగించండి. ఓవర్."

"నీళ్ళు లేవు. ఓవర్."

బండి వచ్చేసరికి ఊపిరి లేదు. ఆ రెండు మూతల నీళ్ళుంటే బతికేవాడని నేననను. ఆ ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. తూటా తగల్లేదు కాబట్టి పేపర్లో ఒక్క ముక్క రాలేదు. వాడింటికి పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి "ఎండదెబ్బేనా" అన్నాడట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత డబ్బాలో ఎవరూ చుక్క నీళ్ళు పోయలేదు. మొక్క చావలేదు సరికదా, కాయలు కాసింది. ఒకటి నా బూటు అడుగున దిగింది. పీకి చూశాను. పల్లేరు కాయ. మా అంగట్లో గోనెసంచుల నిండా ఉండేదే, మూత్రంలో రాళ్ళకు కషాయం కాచుకోవడానికి కొనుక్కుపోయేదే. మూడు తరాలుగా కాయ అమ్ముకు బతికినవాళ్ళం, పువ్వు ఎవరం చూశాం? అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత పిడికెడు కాయలు మేజోడులో వేసుకున్నాను.

ఇంటికొచ్చాక అంగట్లో అందరి ముందూ మా అన్న నవ్వాడు. "దేశం ఆ కొసకు పోయి పల్లేరు కాయలు తెచ్చినావా? ఈడ మూటలుండాయి గదరా."

మేడ మీద కుండీలో కొన్ని చల్లాను. మొలిచినవి మొలిచినట్టే కుళ్ళిపోయాయి. చూస్తే, మా అమ్మ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు అన్ని కుండీలతోపాటు వాటికీ పోస్తోంది.

"ఎండతా ఉంటే చూస్తా ఎట్ట ఊరుకునేది?"

పోయొద్దని అమ్మ మీద అరిచి, మిగిలిన కాయలు మళ్ళీ చల్లాను. మరుసటి వేసవికి ఒక మొక్క పూసింది. మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు, అందుకని పొద్దున్నే కుండీ ఒళ్ళో పెట్టుకుని మాధవరం బస్సెక్కాను.

పాప వంగి చూసింది. "నాన్న చెప్పిన పువ్వు ఇదేనా మామా?"

"ఇదేనమ్మా."

"ఇది నెరింజి గదా. మా బస్టాండు పక్కన ఎంతో ఉండాది, చెప్పుల్లో గుచ్చుకుంటాది. నాన్నకు తెలీదా?"

నెరింజి అంటే అరవంలో పల్లేరే. వాళ్ళమ్మ నా చేతిలోంచి కుండీ అందుకుంది.

"ఆయన ఈడ ఉండింది ఎన్ని దినాలు అన్నా, తెలిసేదానికి," అని దాన్ని గుమ్మం పక్కన పెట్టింది. పాప లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అమ్మ మీద అరిచినవాణ్ణి, ఆ పిల్లను ఆపలేకపోయాను.

పోస్టులో మిగతావన్నీ మసకబారాయి. వాడు మాత్రం ఇంకా డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క చుక్క పక్కకు పోకుండా మూత వంచుతూనే ఉన్నాడు. సీసాకు మూత బిగించేలోపే ఇసుక మీద తడి ఆరిపోతుంది.