కత్తెరక్క గెలిచిన పందెం

మెట్ల దగ్గర తూకం వేసింది నేనే కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా అపార్టుమెంటు రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిణ్ణి మేమంతా కత్తెరక్క అంటాం. గుండీ రాలితే దొరికేదాకా ఇల్లంతా వెతికే మనిషి. గుడ్డపీలికలతో దిండ్లు నింపుతుంది. దారం కొసలు కూడా డబ్బాలో దాస్తుంది. మేం ఉబ్బిన చెత్త సంచులు మెట్ల మీద ఈడ్చుకెళుతుంటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆఖరికి ఓరోజు అందర్నీ పోగేసి పందెం పెట్టింది. పొద్దున్నే ప్రతి ఇంటి సంచీ తూచాలి, నెల తిరిగేసరికి ఎవరి చెత్త బాగా తగ్గితే వాళ్ళు గెలిచినట్టు.

తీరా చూస్తే మొదటి వారం ఆమె సంచే అందరికంటే బరువు. తుంటి విరిగి మంచాన పడ్డ అత్తగారికి కట్టే డైపర్లు మరి! ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిస్తే మాత్రం కింది వాటా లెక్కల మాస్టారి నోరు ఊరుకుంటుందా?

"పందెం పెట్టినావిడ సంచీ మోయడానికి ఇద్దరు కూలీలు కావాలర్రా!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా నోరు పడిపోను.

"డైపర్లు తీసేసి తూద్దాం లేక్కా," అన్నాను తర్వాత.

"ఎందుకూ? చెత్త ఎవరిదైనా చెత్తే," అంది రోషంగా.

ఆ రోషమే పైకి మోసుకెళ్ళింది. మిషను ముందు కూలబడి మొగుడి దగ్గర వెళ్ళగక్కింది. "అందరూ నన్ను చూసి నవ్వారు. నేను దారప్పోగులు దాచి ఏం లాభమండీ? ఆ డైపర్లతో అంతా బూడిదలో పోసిన పన్నీరే!" మిషనుకీ అత్తగారి మంచానికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెను. మాటకి కర్టెను అడ్డమా?

మర్నాటి నుంచి అత్తగారికి దాహం వెయ్యడం మానేసింది.

"కాసిని నీళ్ళు తాగండి అత్తయ్యా."

"ఇప్పుడొద్దమ్మాయ్."

"పోనీ, పాలు?"

"కడుపు నిండుగా ఉంది. నీ పని చూసుకో."

కత్తెరక్క గ్లాసు అక్కడే పెట్టి మిషను దగ్గరికి వెళ్ళిపోయేది. రెండోసారి అడిగేది కాదు. అడక్కపోతేనే హాయిగా ఉండేదట. ఇది నా మాట కాదు, తర్వాత ఆమె ఏడుస్తూ చెప్పిన మాట.

సంచీ తేలికపడుతూ వచ్చింది. నెలాఖరుకి కత్తెరక్కే గెలిచింది. మాస్టారితో సహా అందరం చప్పట్లు కొట్టాం. ఆమె మొహం వెలిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ముసలావిడ మాట తడబడింది. కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అంది. ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ ఆవిడ చేతి మీది చర్మం పట్టుకుని వదిలితే అది మడతలాగే నిలబడిపోయింది.

"ఇంట్లో ఈవిడకి నీళ్ళివ్వరా?" అని కసురుకుంది.

కత్తెరక్క ఆ మడతను అరచేత్తో సాపు చెయ్యబోయింది. నేను నేల చూపులు చూశాను.

సెలైను ఎక్కాక ముసలావిడకు కాస్త తెలివొచ్చింది. కోడలి చెయ్యి తడుముకుంటూ, "గెలిచామా అమ్మాయ్?" అంది.

అప్పటిగ్గానీ కత్తెరక్కకు తెలిసిరాలేదు. మంచం పట్టె మీద తల ఆన్చి భోరుమంది. "ఎంత పని చేశారత్తయ్యా! నేను మాత్రం? పెదాలు ఎండిపోవడం చూశాను. చూసీ ఊరుకున్నాను."

"నలుగురూ నిన్ను చూసి నవ్వుతున్నారని విన్నానే. నీళ్ళు తాగితేనే కదా బరువు!"

ఇంటికి వచ్చాక కత్తెరక్క కర్టెను పీకేసి, మిషను మంచం పక్కకి జరిపేసింది. పందెం నెలనెలా ఇంకా సాగుతోంది. రోజూ సంచీ తనే తెచ్చి తూకంలో పెట్టి, "ఎక్కువే ఉందిగా?" అని అడుగుతుంది. ఉందంటే ఊపిరి పీల్చుకుంటుంది. మాస్టారు తల దించుకుని తన సంచీ తూకంలో పెడతాడు.

పైన మాత్రం, గ్లాసు అందిస్తే అత్తగారు వెంటనే తాగదు. ముందు కోడలి మొహంలోకి చూస్తుంది.

"తాగనా అమ్మాయ్?" అని అడుగుతుంది.