వరి చేతులతో మడ నాటిన పూట

కరోనా ఏడాదంతా అబూధాబీ పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక మేడమ్ గారి వంటింట్లో గడిపాను. మేడమ్ మంచిదే. ఆ వంటింటికే కిటికీ లేదు. ఎండ మొహం చూడకుండా ఏడాదిపాటు దోసెలు పోస్తే పిండి పులిసినట్టు మనిషీ పులుస్తుంది. వాళ్ళు ఇండియా వెళ్ళిపోతున్నామన్నప్పుడు నాకు బాధ కలగలేదు. ఇక ఆరుబయట పని దొరికితేనే ఉంటాను, లేకపోతే గోదావరి పక్కన మా ఊరికి పోతాను, మళ్ళీ వంటింట్లో అడుగుపెట్టను అని నాతో గది పంచుకునే చెల్లితో తెగేసి చెప్పాను. చెల్లి అంటే తోడబుట్టింది కాదు, మా పక్క మండలం పిల్ల.

తనే కబురు తెచ్చింది. అబూధాబీ దగ్గర ఒక దీవిలో మడ మొక్కలు నాటడానికి మనుషులు కావాలట. మడ అంటే సముద్రం ఒడ్డున ఉప్పు బురదలో పెరిగే చెట్టు. ఈ తీరంలో ఎవరూ తెచ్చి పెట్టకుండానే పుట్టిన చెట్టు. ఫోర్‌మన్ కరీంనగర్ వైపు మనిషి. ఒక పూట నాటి చూపించాలి, పోటు వచ్చి పోయాక తెల్లారి మొక్కలు నిలబడి ఉంటే పని మాది. బురదలో నాటడమే కదా, ఊహ తెలిసినప్పటి నుంచి చేసింది అదే అనుకున్నాను.

పడవ దిగేసరికి నీళ్ళు వెనక్కి తీసి బురద బయటపడి ఉంది. మడ చెట్ల చుట్టూ వేలంత పొడుగు వేర్లు నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. చిన్న పీతలు మమ్మల్ని చూసి బొరియల్లో దూరి, అంతలోనే తొంగి చూశాయి. దూరంగా గులాబీ రంగు రాజహంసలు తలలు వంచి బురదలో మేస్తుంటే ఊడ్పుల్లో ఆడవాళ్ళలా అనిపించాయి. రేవులో ఒక బోర్డు ఉంది. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. దాని మీద ఎలా నాటాలో బొమ్మ కూడా ఉంది, నేనే చూడలేదు.

ఫోర్‌మన్ మొలకెత్తిన గింజల బుట్ట ఇచ్చి, నాటాల్సిన జాగా చేత్తో చూపించి పడవ దగ్గరికి పోయాడు. మేం చీరలు ఎగ్గట్టి వంగాం. కుదురుకు మూడు గింజలు, బొటనవేలితో లోపలికంటా ఒక నొక్కు, జానెడు ఎడం, వెనక్కి అడుగు. పాట కూడా ఎత్తుకున్నాం. జాగా అంతటికీ రావాల్సిన బుట్ట ఒక మూలకే అయిపోయింది. ఇంత వేగంగా ఎవరు నాటుతారని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

అతను వచ్చి ఒక కుదురు మీదికి వంగి చూశాడు.

"ఏంది పెద్దమ్మా, వరి నాటినవా?"

"నాటమన్నావు, నాటాను. ఎలాగో చెప్పకుండా పోయింది నువ్వే బాబూ."

"అడిగినవా? పడవ దిగుడు దిగుడే వంగినవ్."

అప్పుడు చెప్పాడు. గింజ ఒక్కటే పెట్టాలి, సగం పైకి కనిపించాలి, మొక్కకీ మొక్కకీ రెండు అంగల ఎడం ఉండాలి. నేను పిల్లల్ని తలతో సహా పాతిపెట్టానన్నమాట. అంతటితో పోలేదు. వెనక్కి నడుస్తూ తొక్కిన వేర్లు చూపించాడు. చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనేనట. కొన్ని విరిగి ఉన్నాయి. అప్పుడు నడుం మీంచి చేతులు దించాను.

నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలైంది. ముదీర్, అంటే తన పై మేనేజరు, చూస్తే తన పని కూడా ఖలాస్ అని, యల్లా పడవెక్కండి అని తొందర పెట్టాడు. ఎక్కితే ఈ పని పోయినట్టే, నాకిక ఊరి దారే.

"నేను పాతినవి నేనే బయటికి తీస్తాను. పడవ ఆపుతావో పోతావో నీ ఇష్టం," అన్నాను.

"నాకు ఈత రాదక్కా," అంది చెల్లి, అంటూనే వంగింది.

పీకి, ఒక్కొక్కటే మళ్ళీ పెట్టాం. ఈసారి ముందుకే నడిచాం, కింద చూసుకుంటూ. పాట లేదు. నీళ్ళు చీలమండలు దాటి పిక్కల మీదికొచ్చాయి. కాసేపటికి ఫోర్‌మన్ గొణుక్కుంటూ బూట్లు విప్పి, బుట్ట పట్టుకుని తనూ దిగాడు.

తెల్లారి నీళ్ళు తీశాక వెళ్ళి చూశాం. కొన్ని కొట్టుకుపోయాయి, కొన్నింటిని పీతలు కొరికేశాయి. చాలామట్టుకు రెండేసి ఆకులు విప్పుకుని నిలబడ్డాయి. మూలన మాత్రం మేం తీయడం మరిచిన మూడు గింజల కుదురొకటి బురద చీల్చుకుని తల ఎత్తుతోంది. నేను వెళ్ళి దానికి అడ్డంగా చీర కుచ్చిళ్ళు పరిచి నిలబడ్డాను. ఫోర్‌మన్ నా మొహం చూసి పక్కకి జరగమన్నాడు.

"గా కుదురు ఉండనియ్ పెద్దమ్మా. రేపట్సంది పనికి రా. గని ముంగటికే నడువు."

ఇప్పుడా కుదురు నా నడుం ఎత్తు ఉంది. మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి, ఒక కొంగ రోజూ దాని నీడలో నిలబడుతుంది. గోదావరి వైపు నుంచి ఎవరు కొత్తగా పనికొచ్చినా ఫోర్‌మన్ ముందు వాళ్ళని అక్కడికే తీసుకెళ్ళి, ఇది మా పెద్దమ్మ వరిచేను అని చూపిస్తాడు. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ తర్వాతే బుట్ట చేతికిస్తాడు.