పదకొండడుగుల నాలుగంగుళాలు

ఆ రోజుల్లో మా మారిషస్‌కి స్వాతంత్ర్యం ఇవ్వాలా వద్దా అని పెద్దలంతా లండన్ వెళ్లి చర్చించి వస్తుండేవారు. నేనేమో పదిహేనులోంచి ఎనిమిది తీసేయాలంటే పైట కింద వేళ్లు దాచుకుని లెక్కపెట్టుకుంటుండేదాన్ని. దేశం తన కాళ్ల మీద తాను నిలబడాలని రేడియోలో ఎవరైనా అంటే, ముందు నన్ను నా వేళ్ల మీంచి దింపండి బాబూ అనుకునేదాన్ని. ఇరవై మూడేళ్ల దాన్ని, పైగా బళ్లో మిస్‌ని. నవ్వకండి. తెలుగు మిస్‌ని. అ ఆలు నేర్పేవాళ్లని ఎక్కాలు ఎవరడుగుతారు?

నా భయానికి కారణం చిన్నప్పటి బరికె మాస్టారు. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుండేదో లేదో. ఎక్కాలన్నీ ఫ్రెంచిలో పాట కట్టించి పాడించేవాడు. పాట నాకు బాగానే వచ్చేది. మధ్యలో ఆపి "ఏడెనిమిదులు?" అంటేనే కొంప మునిగేది. మొదటినుంచీ పాడుకుంటూ వస్తే తప్ప ఆ చోటికి చేరలేను, చేరేలోపు బరికె వచ్చి చేరేది. ఆ పైన "తో లతేత్ విద్" అనేవాడు, నీ బుర్ర ఖాళీ అని. రోజూ వింటే ఏ అబద్ధమైనా నిజమైపోతుంది కదా, నేనూ నమ్మేశాను. (ఆయన చనిపోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ బరికెని కూడా ఆయనతో పంపారా లేదా అని ఒకసారి కనుక్కున్నాను.)

అలా నా బండి నాలుగేళ్లు సాఫీగా సాగింది. ఒకరోజు హెడ్ మిస్యే నన్ను పిలిపించాడు. మా బడి పెద్దాయన్ని అలాగే పిలిచేవాళ్లం. స్టాండర్డ్ ఫోర్ టీచరమ్మ నర్సు చదువుకి ఇంగ్లండు వెళ్లిపోతోందట, ఇకమీదట ఆ తరగతి నాదేనట. నాలుగు వారాల్లో ఇన్‌స్పెక్టరు దొర వచ్చి నా లెక్కల పాఠం చూస్తాడట. పాఠం బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే తెలుగు పాఠం కూడా వేరేవాళ్లకి ఇచ్చి నన్ను ఇంటికి పంపిస్తారు. ఆయన ఇదంతా శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు. నేను గుడ్లు తేలేసి, "మెర్సీ మిస్యే" అని ఫ్రెంచిలో థాంక్స్ చెప్పి బయటికొచ్చి, మొక్కల తొట్టి పక్కన కూర్చుండిపోయాను.

అప్పుడు నేనుండేది మా అత్త దగ్గర, అంటే మా నాన్న అక్క. మాంటాన్ బ్లాంష్ దాటాక చెరుకు తోటల మధ్య ఇల్లు. అత్త పొద్దున్నే తోటకి పోయి, మధ్యాహ్నం రెండింటికి మట్టి కాళ్లతో తిరిగొచ్చేది. చదువు లేదు, సంతకం కూడా రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. నేను ఏడుస్తూ విషయం చెబితే తాపీగా కాళ్లు కడుక్కుని, "దీనికా ఏడుపు? సా ఎన్ తి జాఫెర్ సా" అంది, ఇదో చిన్న విషయం అన్నట్టు. చదువుకున్న నాకు చదువు లేని నువ్వేం చెప్తావని నేననలేదు కానీ, నా మొహం అనేసినట్టుంది. "ఒసేయ్, నీకు పాట వచ్చు. నాకు లెక్క వచ్చు. ఎవరికి ఎవరు చెప్పాలి?" అంది.

మర్నాటినుంచి నేను మళ్లీ ఒకటో తరగతిలో చేరాను. బడి మా పెరట్లో ఆవు పాక. తీసివేతలో పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోమని బరికె మాస్టారు చెప్పేవాడు. ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామో ఆయన చెప్పలేదు, మా ఇంట్లో అప్పంటేనే భయం కాబట్టి నేనూ తేలేదు. అత్త చెరుకాకులు పదేసి మోపు కట్టించింది. రెండు మోపులు, మూడు విడి ఆకులు పెట్టి, ఆవుకి ఏడు ఆకులు వెయ్యమంది. మూడే ఉన్నాయన్నాను. "మోపు విప్పవే మొద్దూ" అంది. విప్పాను. పదమూడయ్యాయి. ఏడు వేశాను. ఆరు మిగిలాయి, పక్కన ఒక మోపు. నేను ఆ పాకలో అలాగే నిలబడిపోయాను. అప్పూ లేదు, పక్కవాడూ లేడు, ఉన్న మోపు విప్పుకోవడమే. ఇంత చిన్న ముక్క కోసమా నా అరచేతులు అన్నేళ్లు వాచిపోయింది? నిజం చెబుతున్నాను, సంతోషం కంటే ముందు కోపం వచ్చింది.

ఆ తర్వాత ఏడెనిమిదులు చెరుకు గుంటల్లో నేర్చుకున్నాను. వరుసకి ఏడు గుంటలు, ఎనిమిది వరుసలు, ఎటునుంచి నడిచినా యాభై ఆరే. భిన్నాలు కూడా తోటలోంచే వచ్చాయి. మనిషికి రోజుకింతని కొలిచిచ్చే పనిని తాష్ అనేవారు. ముసలివాళ్లకి అర తాష్, కడుపుతో ఉన్న పిల్లకి ముప్పావు. ముప్పావూ అరా కలిపితే ఎంతని అడిగితే, "ఒక తాష్ పోను పావు మిగుల్తది, ఆ పావు నా నెత్తిన పడతది" అనేది అత్త. పుస్తకంలో లెక్క ఒకటి చదివి వినిపించాను. ఆరుగురు మనుషులు ఒక కాలువ ఎనిమిది రోజుల్లో తవ్వితే, పన్నెండుగురు ఎన్ని రోజుల్లో తవ్వుతారు? "సిర్దారు దగ్గరుంటాడా, ఉండడా?" అంది, తోట మేస్త్రీని తలుచుకుని. పుస్తకంలో లేదన్నాను. "ఉండకపోతే పది రోజులు. పన్నెండుగురు చేరితే సగం పొద్దు మాటలకే పోద్ది." జవాబు నాలుగని వెనక పేజీలో ఉందన్నాను. "నోరు లేని మనుషులైతే నాలుగే" అని ఒప్పుకుంది.

మూడో వారం గోలెత్ దగ్గరికి వచ్చాం. గోలెత్ అంటే తాష్ కొలిచే వెదురు గడ, పది అడుగులుంటుంది. ఇన్ని గోలెత్‌ల కలుపు నీది, ఇన్ని గోలెత్‌లు నాది అని తోటలో పని పంచేది దాంతోనే. అత్త దగ్గర మా తాత నాటిది ఒకటుంది, తలుపు వెనక ఆనించి ఉండేది. దాన్ని బడి అడుగుబద్దతో కొలిస్తే పది అడుగుల ఎనిమిది అంగుళాలు వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. మళ్లీ కొలిచాను, మళ్లీ అంతే. మూడోసారి కొలుస్తూ ముక్కు చీదుతుంటే అత్త పగలబడి నవ్వింది. తోటలు పెట్టింది ఫ్రెంచివాడు, గోలెత్ వాడి అడుగుతో పది. నీ బద్ద తర్వాత వచ్చిన ఇంగ్లీషువాడిది. ఫ్రెంచివాడి పాదం పెద్దది, అంతే, నీ తప్పేం లేదంది. లెక్క తప్పినప్పుడల్లా తప్పు నాదే కానక్కర్లేదని నాకు ఇరవై మూడేళ్లకి తెలిసింది.

ఇన్‌స్పెక్టరు ముందు కొలతల పాఠమే చెప్పమంది అత్త. "మన గడ వద్దులే, పాతది. పోయి సిర్దార్ మామని అడుగు. ఆయనది నున్నగా, చూడ్డానికి బాగుంటది" అంది. సిర్దార్ మామయ్య అంటే తోటలో అత్త వాళ్లకి పని పంచే మేస్త్రీ, మా ఊరి రామభజనకి పెద్ద. శనివారం భజనలో దీపం చుట్టూ తిరిగేటప్పుడు మొదటి అడుగు ఆయనదే, ప్రసాదం పంచేదీ ఆయనే. నన్ను బళ్లో పెట్టుకోమని హెడ్ మిస్యేతో చెప్పిందీ ఆయనే. నా లెక్కల సంగతి ఊళ్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు, భజన మధ్యలో నా వేళ్లు చూపించి నలుగురినీ నవ్వించేవాడు కూడా. నేను వెళ్లి వినయంగా గోలెత్ అడిగితే పొంగిపోయాడు. "నీకు పది దాటితే చెప్పులు కూడా విప్పాలి కదే పిల్లా, గోలెత్ ఏం చేసుకుంటావు?" అని నవ్వి, దొర వస్తున్నాడు గనక తానే పట్టుకొస్తానన్నాడు. అది వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చిన గడ. వార్నిషు వేయించి, రెండు చివర్లా ఇత్తడి తొడుగు పెట్టించాడు.

ఆ రోజు రానే వచ్చింది. దొర పెద్ద టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. పక్కన హెడ్ మిస్యే, ఆ పక్కన కోటు వేసుకుని సిర్దార్ మామయ్య. పిల్లల్ని బడి ఆవరణలో గోలెత్ చుట్టూ నిలబెట్టి, ముందు గోలెత్ అంటే పది ఫ్రెంచి అడుగులని, మన బద్దతో పది అడుగుల ఎనిమిది అంగుళాలని బోర్డు మీద రాసి చెప్పాను. ఇప్పుడు కొలిచి చూడండన్నాను. పిల్లలు వంగి, బద్ద వరసగా పేర్చుకుంటూ పోయారు. "పదకొండడుగుల నాలుగంగుళాలు, మిస్."

బరికె మాస్టారు సమాధిలోంచి లేచొచ్చి నా వెనక నిలబడ్డట్టయింది. మళ్లీ కొలవమన్నాను. అంతే వచ్చింది. నేనే వంగి, చీర మట్టిలో ఈడుస్తూ కొలిచాను. పదకొండడుగుల నాలుగే. పిల్లలు తప్పు కొలిచారంటే పాఠం పోతుంది, పాఠంతో పాటు ఉద్యోగమూ పోతుంది. సరిగ్గా కొలిచారంటే నాకు అన్నం పెట్టించిన పెద్దమనిషి పరువు ఊరందరి ముందూ పోతుంది. సిర్దార్ మామయ్య నా వంక చూసి మెల్లిగా, "నీ లెక్క సంగతి తెలిసిందే కదమ్మా, తప్పయిందని దొరతో చెప్పెయ్" అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే నిజంగానే చెప్పేసేదాన్నేమో. నాకు ఆవు పాక గుర్తొచ్చింది. "పిల్లలు సరిగ్గానే కొలిచారు సార్" అని దొరతో ఇంగ్లీషులో అన్నాను. బోర్డు మీద పదకొండడుగుల నాలుగంగుళాలు రాసి, కింద పదడుగుల ఎనిమిది అంగుళాలు రాశాను. నాలుగులోంచి ఎనిమిది పోదు. అడుగు మోపు ఒకటి విప్పాను, పన్నెండంగుళాలు, నాలుగుతో కలిపి పదహారు. ఎనిమిది పోతే ఎనిమిది. అడుగుల్లో పదిలోంచి పది పోతే ఏమీ లేదు. ఈ గడ ఎనిమిదంగుళాలు ఎక్కువ. చివరి వరసలోంచి ఒక పిల్ల లేచింది, వాళ్ల అమ్మ మా అత్తతో కలుపు తీసే మనిషి. "మిస్, అట్లాగైతే ఎన్ని గోలెత్‌లు చేస్తే ఒకటి ఊరికే చేసినట్టు?" అని అడిగింది. ఆ లెక్క నా పుస్తకంలో లేదు. గోలెత్‌ని అంగుళాలు చేశాం, నూట ఇరవై ఎనిమిది. ఎనిమిదేసి తీసుకుంటూ పోయాం. తరగతంతా ఒక్క గొంతుతో పదహారు అని అరిచింది. ఆవరణ గోడ అవతల తోటనుంచి ఇళ్లకి పోతున్న ఆడవాళ్లు ఆగి వింటున్నారని నేనప్పుడే చూశాను.

సిర్దార్ మామయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వానలకి వెదురు ఉబ్బి ఉంటుందన్నాడు. (ఆ ఏడు అందరి వెదురూ తడిసింది. పొడుగ్గా ఉబ్బింది మాత్రం ఆయనదొక్కటే.) దొరకి తోట గొడవ పట్టినట్టు లేదు, లేదా పట్టించుకోకపోవడమే ఆయన ఉద్యోగమేమో. పాఠం ఆచరణాత్మకంగా ఉందని రాసుకుని, మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది. తోటలో మాత్రం పాఠం మర్నాడే కొత్త గోలెత్ వచ్చిందట, ఎవరూ ఏమీ అడగలేదట, ఆయనా ఏమీ చెప్పలేదట. ఆ పాత గడతో పన్నెండేళ్లుగా చేసిన ఊరికే పని సంగతి ఎవరెత్తుతారు? శనివారం భజనలో ప్రసాదం నా దగ్గరికొచ్చేసరికి నా చేతిలో శనగలు లెక్కపెట్టి వేశాడు. ఆరు. నేనూ లెక్కపెట్టుకున్నాను, ఈసారి వేళ్లు దాచుకోలేదు.

తర్వాత కొన్నేళ్లకి స్వాతంత్ర్యం వచ్చింది. బళ్లో కొత్త జెండా ఎగరేసిన రోజు జెండాకి కర్ర విరాళమిచ్చింది సిర్దార్ మామయ్యే, వార్నిషు వేసిన వెదురు, రెండు చివర్లా ఇత్తడి. జనమంతా చప్పట్లు కొడుతుంటే అత్త తలెత్తి చూసి, "అదే" అంది. అప్పుడడిగాను, ఇన్నాళ్లకి. ఇంట్లో తలుపు వెనక మన గడ ఉండగా, నన్ను పనిగట్టుకుని ఆయన ఇంటికి ఎందుకు పంపావని.

"మనది సరిగ్గా ఉంటదే. దాన్ని కొలిస్తే ఏం తెలుస్తది?" అంది. తర్వాత జెండా వంక చూస్తూనే, "పన్నెండేళ్లు నా నడుం చెప్పింది, ఆ గడ పొడుగని. నడుం మాట ఎవరు వింటారు? మిస్ మాట వింటారు. మిస్‌కేమో లెక్కలు రావు. నేనేం చేసేది మరి?" అంది.

నాలుగు వారాలూ నా ఉద్యోగం కోసమే ఆవిడ అంత కష్టపడిందనుకున్నాను, పిచ్చిదాన్ని. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గోలెత్ ఇప్పుడు నా గది తలుపు వెనక ఉంది. ఎబెన్‌లో అద్దాల ఆఫీసులో పనిచేసే మనవరాలు మొన్న వచ్చి ఈ కర్రేంటి అవ్వా అంటే, టేపు తెమ్మని కొలిచి చూపించాను. తొమ్మిదడుగుల పదంగుళాలు వచ్చింది, ఒక చివర చెదలు తినేసింది. ఎంత తిన్నదో చూద్దామని మనవరాలు ఫోను తీసింది. నేను ఆగమని, పదడుగుల ఎనిమిదంగుళాల్లో ఒక అడుగు మోపు విప్పి, వేళ్ల మీద లెక్కపెట్టి, పదంగుళాలని చెప్పాను. చెప్పాక అలవాటు కొద్దీ తలుపు వైపు చూశాను, అత్త మొద్దూ అంటుందేమోనని.