కొంగు తీసిన ఆయా

మహబూబ్‌నగర్ మైదానంలో ఉంగరాల జుట్టున్నవాళ్ల పండుగ జరిగిన రోజు, కోస్గి అంగన్‌వాడీ ఆయా ఒకామె నా పక్కన కూర్చుంది. మాట్లాడినప్పుడల్లా నెత్తిమీది కొంగును అరచేత్తో అదిమేది. ఎందుకని అడిగాను.

“చిన్నప్పుడు బడిల సారు నా ఎంటికలను పిట్టగూడు అని నవ్వేటోడు బిడ్డా. అప్పటిసంది చెయ్యి గట్లనే పోతది.”

“మరి ఇక్కడికెందుకొచ్చినవ్ అవ్వా?”

“మా సెంటర్ల ఒక పోరికి గిసొంటి ఎంటికలే. దువ్వెన దిగుతలేదని తల్లి గుండు కొట్టిస్తనంటాంది. వద్దని చెప్పాల్నంటే నావి దాచుకుంటే ఎట్ల?”

నిర్వాహకులు వేదిక మీదికి రమ్మనగానే, ఫోటో తియ్యమని తన ఫోన్ నాకిచ్చి వెళ్లింది. కొంగు తీసింది. తెల్లటి ఉంగరాలు భుజాలదాకా విచ్చుకున్నాయి. ఫోటో తీశాను.

దిగొచ్చి దాన్ని చాలాసేపు చూసుకుంది.

“ఇది పోరి తల్లికి చూపిస్త. ఇంకోటి తియ్యి బిడ్డా, నాకు.”