నెట్‌వర్క్ కార్డు, నాయన గడ్డం అద్దం

మా చిన్నప్పుడు... ఇంట్లో నాకు పెట్టిన పేరు 'విరగ్గొట్టేది'. తొమ్మిదేళ్ళప్పుడు నాయన రేడియో విప్పాను. అది మళ్ళీ పాడలేదు. అంతకు ముందు వానలకే అది మూగబోయిందనీ, అందుకే విప్పాననీ ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. మూగబోయిన రేడియో ఎవరికీ గుర్తు లేదు... నా చేతిలోని స్క్రూడ్రైవర్ మాత్రం అందరికీ గుర్తుంది.

అందుకే ప్లస్ టూ అయ్యేసరికి నా చదువు కూడా వాళ్ళే తేల్చేశారు. నాకేమో కంప్యూటర్ ఇంజనీరింగ్ మీద ఆశ. "బి.కాం. చాలును పాపా. నిలకడ లేని చేతికి మిషన్లు ఏంటికి?" అన్నాడు నాయన.

నాయన ఏళాయిరంపన్నై దగ్గర ఒక టపాసుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మందు కలిపే గదిలోకి ఎవరిని పంపాలో చూసేది ఆయనే. మనుషుల్ని చేతులు చూసి కొలిచేవాడు. ఇంట్లోనూ అదే కొలత...

ఫ్యాక్టరీ ఆఫీసులో పాతబడిందని పక్కన పెట్టిన కంప్యూటర్ని కోవిల్‌పట్టిలో మా ఇంటికి తెచ్చింది కూడా ఆయనే. నన్ను బ్రౌజింగ్ సెంటర్‌కి పంపడం ఇష్టం లేక ఇంటికే నెట్ పెట్టించాడు. వచ్చిన మనిషి మోడెం బిగించి, వైరు చేత్తో పట్టుకుని కంప్యూటర్ వెనకంతా వెతికాడు... ఆ వైరు దూర్చే చోటే లేదు. "నెట్‌వర్క్ కార్డు వేయించుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బజారులో కార్డు కొన్నాం. కంప్యూటర్ పెట్టె తెస్తే తనే బిగించి ఇస్తానన్నాడు షాపాయన. ఇంటికి నడుస్తూ అన్నాను, "నేనే బిగిస్తా నాయనా."

ఆయన నా చేతుల వైపు చూశాడు. "పాడైతే ఇంకొకటి రాదు."

"తెలుసును."

"పాడైతే నీ ఇంజనీరింగ్ మాట మళ్ళీ ఎత్తేది లేదు."

"సరి."

ఆదివారం పొద్దున నాయన ఇంటిని ఫ్యాక్టరీ చేసేశాడు. రెండు వైపులా తలుపులు బార్లా తెరిచాడు. నా పాలియెస్టర్ చుడీదార్ మార్పించి నూలుది వేయించాడు. ఒక గదిలో ఎక్కువ మంది ఉండకూడదని అమ్మనీ అవ్వనీ వాకిట్లోకి పంపాడు. చివరికి దేవుడి గూటి వైపు చూసి, "అమ్మా, ఆ దీపం ఆర్పు" అన్నాడు అవ్వతో.

అవ్వ లేచి వచ్చింది. "సామి దీపం ఆర్పేదారా? ఆ పెట్టెలో ఏమి, టపాసులు ఉండాయా?"

"మందు లేకుంటే ఏమి, కరెంటు ఉండాది కదా?"

"వైరు పీకేసినా నాయనా" అన్నాను.

ఎవరూ తగ్గలేదు. చివరికి అమ్మ వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని దీపాన్ని వాకిట్లోకి తీసుకుపోయింది. నాకు నవ్వొచ్చింది... నవ్వలేదు. ఒక్క రవ్వ ఏం చేస్తుందో నాయన కళ్ళారా చూసినవాడు.

ఇనుప స్క్రూడ్రైవర్ కూడా వద్దన్నాడు. రవ్వలు లేవవని ఫ్యాక్టరీలో వాడే ఇత్తడిది ఇచ్చాడు. దాని మొన స్క్రూ గాడిలో దూరనే లేదు. కాసేపు చూసి, ఇనుపదే నా వైపు జరిపాడు.

పెట్టె మూత తీశాను. కార్డుతో పాటు వచ్చిన కాగితంలో ఒక బొమ్మ ఉంది... కార్డు పట్టుకునే ముందు పెట్టె ఇనుమును తాకమని. అరచెయ్యి ఆనించి, ఓ క్షణం ఉంచి, అప్పుడు కార్డు అంచు పట్టుకున్నాను.

"ఏంటికి అట్ల తాకినావు?" నాయన గొంతు మారింది.

"ఒంట్లో ఉండే కరెంటు దిగిపోవాలంట. లేకుంటే కార్డు చచ్చిపోతుందంట."

ఆయన నేను చెయ్యి ఆనించిన చోటు వైపు వంగి చూశాడు. తర్వాత చెప్పాడు... మందు గది గుమ్మం పక్కన ఒక రాగి రేకు ఉంటుందట. దాని మీద చెయ్యి ఆనించకుండా ఎవరూ లోపల అడుగు పెట్టరట. ఫ్యాక్టరీ సంగతులు ఇంటికి మోసుకొచ్చే అలవాటు ఆయనకి లేదు. నేను వినడం అదే మొదటిసారి.

చెప్పి, గోడకున్న గడ్డం గీసుకునే అద్దం తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె లోపలంతా చీకటి. అద్దం మెల్లగా తిప్పి, ఎండని సరిగ్గా కార్డు దిగాల్సిన తెల్లటి గాడి మీద వేశాడు. ఆ వెలుగు ముక్క ఇసుమంత కూడా కదల్లేదు.

పెట్టె వెనక అడ్డంగా ఉన్న రేకు తీసి, కార్డు నొక్కి, స్క్రూ బిగించాను. కరెంటు ఇచ్చాం. కంప్యూటర్ లేచింది గానీ, లోపల కార్డు ఉన్నట్టే దానికి తెలియలేదు.

"రేడియో గతే" అంది వాకిట్లోంచి అవ్వ.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి గబగబా మూత మీదికి పోయింది.

"ముందు వైరు పీకు పాపా" అన్నాడు నాయన. "నిన్ను ఎవరూ తరమలేదు. బద్రంగా విప్పు." మళ్ళీ అద్దం అందుకున్నాడు.

మళ్ళీ ఇనుము తాకాను. ఇందాక కార్డు ఒక మూల పైకే ఉండిపోయిందని ఆ ఎండలో కనిపించింది. ఈసారి రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కాను... టక్.

కరెంటు ఇచ్చి, మోడెం వైరు దూర్చగానే కంప్యూటర్ వెనక చిన్న పచ్చ దీపం మిణుకుమంది. అవ్వ వచ్చి, వంగి చూసి, "ఏమిరా, దీన్ని ఆర్పమనవా?" అంది. నాయన అద్దం పక్కన పెట్టి, తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఆ నవ్వు ఆయన ఇంట్లో తరచూ నవ్వేది కాదు.

ఇప్పుడు నెట్ గాలిలో వచ్చేస్తోంది. విప్పడానికి పెట్టె లేదు, ఉన్నా విప్పనివ్వరు. ఒక చిన్న కార్డు కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని వాకిట్లో కూర్చునే ఆదివారాలు ఎటు పోయాయో... మీ ఇంట్లో మొదటిసారి నెట్ వచ్చిన రోజు పక్కన ఎవరున్నారు? రాయండి, నాకు చదవాలని ఉంది.

ఆ ఆదివారం మరునాడు పొద్దున నాయన పనికి బయల్దేరుతూ, "బి.కాం.కి ఎప్పుడు పోయి చేరేది?" అన్నాడు, అలవాటుగా.

చేరను, కంప్యూటర్ ఇంజనీరింగే చదువుతాను అని చెప్పాను.