ఎర్ర గీత మొదలైన వారం

ఎన్నికల ముందు కొన్నాళ్లు ప్రొద్దుటూరులో ఇంటి నుంచే పని చేశాను. వీధి మొదట్లో పోలీసు వ్యాను, ఇంట్లో నా లాప్‌టాప్. రెండూ ఉన్నచోటు నుంచి కదిలేవి కావు. మా బెంగళూరు కంపెనీలో ఎవరు కోడు మార్చినా బిల్డ్ సర్వరు వెంటనే అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నీ నడిపేది. ఏ పరీక్ష ఏ రోజు పాసైందో, ఏ రోజు ఫెయిలైందో పచ్చ, ఎరుపు గీతలతో గ్రాఫు వేసి చూపించే ప్లగిన్, అంటే ఆ సర్వరుకు తగిలించిన చిన్న ప్రోగ్రాము, నా బాధ్యత. ఆ పేజీ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగి రావచ్చు. తెరిచిన ప్రతిసారీ మొదటి రోజు నుంచి ఉన్న ఫలితాల ఫైళ్లన్నీ చదివేది మరి! తిట్లన్నీ నాకే.

ఒకరోజు విసుగెత్తి, చివరి యాభై సార్ల ఫలితాలు చాలని మిగతావి గ్రాఫులోంచి కోసేశాను. పేజీ చిటికెలో తెరుచుకుంది. మేనేజరు శభాష్ అన్నాడు. నేనూ పొంగిపోయాను.

మా ఇళ్లలో వెనకటివి తియ్యకపోవడమే మర్యాద. ఫలానా గొడవ ఎవరితో మొదలైందని అడిగితే మా అమ్మ కసురుకునేది. "పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతాండావు? నోరు మూసుకోని అన్నం తిను." పాత ఎరుపు ఎవరికైనా అవసరం పడుతుందని నాకు తట్టనే లేదు.

పడింది, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయికి. జమ్మలమడుగులో ఒక టీచరమ్మ కూతురు. నేనే చెప్పి చేర్పించాను. ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆమెకు అప్పగించిన లాగిన్ పరీక్ష అప్పుడప్పుడు ఫెయిలయ్యేది, ఆమె రాకముందు నుంచీ. నేను కోసిన గ్రాఫు మాత్రం సరిగ్గా ఆమె చేరిన వారంతో మొదలైంది. చూసినవాళ్లకు తప్పు ఆమెదే.

ఆమె ఫోన్ చేసింది. "అన్నా, ఇది నేను రాకముందే ఉండె. నీకు తెల్సు గదా? రేపు మీటింగులో ఒక్క మాట చెప్పన్నా. నా ఉద్యోగం పోతాంది."

"చూస్తాలేమ్మా" అన్నాను.

మీటింగులో మేనేజరు నన్నే అడిగాడు, ఇది ముందు నుంచీ ఉందా అని. ఉందంటే గ్రాఫులో ఎందుకు లేదంటాడు, నేను కోసేసింది బయటపడుతుంది. మా నాయన పులివెందులలో గుమాస్తాగా ఉన్నప్పుడు, కళ్లెదుట బాంబులు పడిన కేసులో ఏమీ చూడలేదని కోర్టులో చెప్పి వచ్చాడు. ఆయనకు ప్రాణభయం, మేం చిన్నపిల్లలం. నాకేమొచ్చింది? ఒక శభాష్ పోతుందన్న భయం.

"గుర్తు లేదు సార్" అన్నాను. మైకు ఆపుకున్నాక సిగ్గుతో చచ్చిపోయాను.

పోలింగు అయ్యాక వారం రోజులు కూర్చుని సరైన పని చేశాను. పరీక్ష నడిచిన ప్రతిసారీ తేదీ, ఫలితం మాత్రం ఒక చిన్న ఫైలులో రాసిపెట్టుకుంటే పాతవన్నీ విప్పే పనే ఉండదు. గ్రాఫు మొదటి రోజు నుంచీ వచ్చింది, పేజీ అంతే తొందరగా తెరుచుకుంది. ఎరుపు ఆమె చేరడానికి ఏడాది ముందు నుంచే ఉంది. మేనేజరుకు పంపుతూ, కోసింది నేనేనని, నాకు గుర్తుందని కూడా రాశాను. గ్రాఫు బాగుందని జవాబు పెట్టాడు. అప్పటికే ఆమెను తీసేశారు. జమ్మలమడుగు వచ్చేసింది.

ఆమెకూ పంపాను. కాసేపటికి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"శానా బాగుందన్నా" అంది. "ఆ పొద్దు ఈ గ్రాఫు లేకపాయె, సరే. నువ్వుంటివి గదన్నా?"